హారిస్మిత్ మీదుగా

హ్లాబీసా,
18 జనవరి 1998

తమ్ముడు బెకీకి,

ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు మాత్రం వానలు మొదలైన దగ్గర్నుంచి ఆమె మాట వినడం లేదు. బడి తెరిచారు. ఈసారి నాకు మూడో తరగతి అంటగట్టారు. అరవై ఇద్దరు పిల్లలు, నలభై కుర్చీలు.

అసలు సంగతికి వస్తాను. జెబులోన్ పెదనాన్న నిన్న వచ్చి తేదీ ఖాయం చేసి వెళ్ళాడు. మార్చితో నాన్న పోయి ఏడాది నిండుతుంది కదా. ఈస్టర్ శనివారం, ఏప్రిల్ పదకొండున, ఎద్దును కోసి నాన్నను మన పెద్దల్లో కలపాలన్నాడు. కలపాలంటే ముందు ఆయన ఇంట్లో ఉండాలి. ఒంటిని తెచ్చి ఇక్కడ పూడ్చాం గానీ నిన్ను చూడ్డానికొచ్చిన ఆయన ఊపిరి పోయింది మీ వూస్టర్ ఆసుపత్రిలో. ఆయన ఇంకా ఆ మంచం దగ్గరే ఉన్నాడు. శవాన్ని తెచ్చే బండివాడు తొందరపెట్టాడని అప్పుడు పిలిచి తేకుండా వచ్చేశాం. కాబట్టి నువ్వే తోడుకురావాలి. మిగిలిన కొడుకువి నువ్వొక్కడివే.

నేను బడిలో ఉన్న అట్లాసు ముందేసుకుని దారి రాశాను. బుధవారం సాయంత్రం నీకు సెలవు దొరుకుతుందనుకుంటున్నా. గురువారం పొద్దున ఆరింటికి ఆసుపత్రి. ఏడింటికల్లా కారు కదలాలి. బోఫర్ట్ వెస్ట్, కోల్స్‌బర్గ్, సాయంత్రానికి బ్లూమ్‌ఫాంటీన్. అక్కడ పడక. శుక్రవారం తెల్లారుతూనే లేచి బెత్లెహేమ్, హారిస్మిత్, లేడీస్మిత్, డండీ, వ్రైహైడ్, నొంగోమా, ఇల్లు. పదిహేడు వందల కిలోమీటర్ల పైచిలుకు. శుక్రవారం పొద్దు గుట్ట దిగకముందే గేటు దాటాలి. ఆ సాయంత్రం ఎద్దును నాన్నకు చూపించాలి, తెల్లారగానే కోయాలి. పొద్దు వాలాక వస్తే గేటు తెరవనని పెదనాన్న అంటున్నాడు. తెరవడు కూడా, ఆయన సంగతి నీకు తెలుసు.

పద్ధతి మళ్ళీ ఒకసారి రాయమన్నాడు. పోయినవాళ్ళు ఎక్కి వచ్చేది రేగుకొమ్మ మీదే. అది మన ఇంటి వెనక చెట్టుదే అయుండాలి, ఇక్కణ్ణుంచి పంపుతాం. మంచం దగ్గర నిలబడి పేరు పెట్టి పిలవాలి. కొమ్మ పట్టుకున్నవాడు దారి పొడుగునా నాన్నతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. ఏరు దాటితే ఏరు దాటుతున్నామని, మలుపు తిరిగితే మలుపు తిరుగుతున్నామని చెప్పాలి. ఆగితే ఎందుకు ఆగామో చెప్పాలి. ఆయనకు ఒక సీటు వదలాలి.

అయినా నీకు ఇదేమన్నా కొత్తా? ఫ్రీ స్టేట్ గనిలో మన లాంగా పోయినప్పుడు వాణ్ణి ఇంటికి తెచ్చినవాడివి నువ్వే. "తమ్ముడై ఉండి అన్నను తెచ్చాడు, నాన్నను తేవడం వాడికొక లెక్కా" అన్నాడు పెదనాన్న. అమ్మ తలూపింది.

మరదలు నొలుతాండోకూ పిల్లవాడికీ నా ముద్దులు.

నీ అక్క,
ఖొంబీ


వూస్టర్,
9 ఫిబ్రవరి 1998

అక్కా,

ఉత్తరం అందింది. ద్రాక్ష కోతలు నడుస్తున్నాయి. రేవుకి రోజుకి రెండు లోడ్లు తోలుతున్నాను, అందుకే ఆలస్యం. సెలవు అడిగాను. బుధవారం సాయంత్రం నుంచి సోమవారం దాకా ఇస్తామన్నారు. మంగళవారం పొద్దున లారీ ఎక్కకపోతే ఇంకొకణ్ణి ఎక్కిస్తారట. నవ్వుతూనే చెప్పారు గానీ నిజంగానే చేస్తారు.

దారి గురించి ఒక మాట. నువ్వు రాసింది అట్లాసులో బాగానే ఉంటుంది. కానీ గుడ్ ఫ్రైడే రోజు హారిస్మిత్ దగ్గర ఎలా ఉంటుందో నీకు తెలియదు. జొహానెస్‌బర్గ్ మొత్తం డర్బన్ సముద్రానికి దిగుతుంది. వాన్ రీనెన్ కనుమలో చీమల బారులా బళ్ళు నిలబడిపోతాయి. పైగా నా కారు గుట్ట చూస్తే ఆవిరి కక్కుతుంది. అందుకని తీరం వెంట వెళ్దాం. జార్జ్, ఈస్ట్ లండన్, ఉమ్‌టాటా, కోక్‌స్టాడ్ మీదుగా. రోడ్డు చదునుగా ఉంటుంది. నాన్నకు సముద్రం అంటే ఇష్టం కూడా.

ఇంకొకటి. కొమ్మ పెదనాన్న పట్టుకుంటేనే బాగుంటుందేమో. నేను కారు నడుపుతాను. డ్రైవరు నోరు మూసుకుని ఇంత దూరం నడపడం కష్టం, పోలీసులు ఆపుతారు, పెట్రోలు దగ్గర మాట్లాడాలి. ఆయన పెద్దవాడు, ఆయన పిలిస్తే నాన్న తొందరగా లేస్తాడు. ఆలోచించి చెప్పు.

అమ్మ మోకాళ్ళకు ఇక్కడి మందుల షాపులో ఒక తైలం దొరికింది, పంపుతున్నాను.

బెకీ


హ్లాబీసా,
22 ఫిబ్రవరి 1998

బెకీ,

తైలం అందింది. అమ్మ రెండు రోజులు రాసుకుంది. మూడో రోజు పెదనాన్న భార్యకు సగం ఇచ్చేసి, ఇప్పుడు తనకు చాలలేదని నన్ను తిడుతోంది.

నువ్వు లారీ డ్రైవరువి, నేను మూడో తరగతి పంతులమ్మను. దూరాలు నేను నీకు చెప్పాల్సి రావడం సిగ్గుగా ఉంది. నీ తీరం దారి రెండువేలు దాటుతుంది. చదును అన్నావు, కోక్‌స్టాడ్ చదునా? ఉమ్‌టాటా దగ్గర రోడ్డు మీద పడుకునే ఆవులను లేపడానికే నీకు ఒక పూట పడుతుంది. ఆ దారిన వస్తే శనివారం మధ్యాహ్నం అవుతుంది, అప్పటికి ఎద్దు కూడా ముసలిదైపోతుంది. నాన్నకు సముద్రం ఇష్టమని ఎవరు చెప్పారు నీకు? డర్బన్‌లో ఒక్కసారి చూసి "ఇంత నీళ్ళు, ఒక్క గొడ్డు తాగడానికి పనికిరావు" అని ముఖం తిప్పుకున్నాడు.

పెదనాన్న రాడు. డెబ్భై ఆరేళ్ళవాడు పదిహేడు వందల కిలోమీటర్లు కూర్చోలేడు. పైగా కొడుకు ఉండగా అన్న ఎందుకు పట్టుకుంటాడు అన్నాడు.

హారిస్మిత్ మీదుగానే రావాలని అమ్మ కూడా అంది. "లాంగా వచ్చిన దారినే వాళ్ళ నాన్నా రానీ, వాడికి ఆ దారి తెలుసు, చూపిస్తాడు" అంది. ఆమె అలా అన్నాక నేనింకేం మాట్లాడను?

ఇప్పుడు నీకు నేను రాయాల్సింది ఒకటి ఉంది. నువ్వు చెప్పిన కష్టం నిజమే, కొమ్మ పట్టుకున్నవాడు మాట్లాడకూడదు కాబట్టి పక్కన ఒక మనిషి ఉండాలి. అందరితో మాట్లాడేది ఆ మనిషే. లాంగాను తెచ్చినప్పుడు నీ పక్కన ఉండాల్సిన మనిషిని నేను. నాన్న మనిద్దర్నీ కలిపి టాక్సీ ఎక్కించాడు. నేను వ్రైహైడ్‌లో దిగిపోయాను, ట్రైనింగ్ కాలేజీలో పరీక్ష ఉందని. తిరిగి నువ్వొచ్చే రోజు నొంగోమా అడ్డాలో కాచుకుని, నీతో కలిసి బండెక్కి ఇంటికొచ్చాను. అమ్మానాన్నా ఇద్దరం వెళ్ళొచ్చామనే అనుకున్నారు. నువ్వూ నేనూ ఇన్నేళ్ళూ ఆ మాట ఎత్తలేదు. నీకు పంతొమ్మిదేళ్ళు అప్పుడు.

అందుకని ఈసారి నేను వస్తాను. ఆ వారం బడికి సెలవులు. బస్సులో వూస్టర్ వచ్చి నీ వెనక సీట్లో కూర్చుంటాను. ఒక్క ఊళ్ళో కూడా దిగను.

ఖొంబీ


వూస్టర్,
8 మార్చి 1998

అక్కా,

నువ్వు రావద్దు.

నీ మనసు బరువు దించుకోవడానికి వస్తానంటున్నావు, దానికి నా కారే దొరికిందా? నీ పరీక్ష గురించి నేనెప్పుడూ నిన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడూ అనను. నొలుతాండో నాతో వస్తుంది, పెట్రోలు దగ్గర ఆమె మాట్లాడుతుంది.

కొమ్మ నేనే పట్టుకుంటానులే. కానీ హారిస్మిత్ మీదుగా రాను. కింబర్లీ నుంచి పైకి వెళ్ళి, ఎర్మెలో తిరిగి, పీట్ రెటీఫ్ మీదుగా దిగుతాను. చుట్టే, కానీ తెల్లవారుజామున బయల్దేరితే పొద్దు వాలేలోపు చేరొచ్చు. అమ్మకు ఏం చెప్పుకుంటావో చెప్పుకో.

హారిస్మిత్‌లో నాకొక సంగతి ఉంది. అడగొద్దు.

బెకీ


హ్లాబీసా,
15 మార్చి 1998

గౌరవనీయులైన బెకుముజీ మ్‌తెత్వా గారికి,

తమరి ఉత్తరం అందుకున్నాను. నాలుగుసార్లు చదివాను. చదివి, అట్లాసు మూసేసి, టీ పెట్టుకుని కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తెలిసింది.

ఆడపిల్లా, మగపిల్లవాడా?

ఎన్నేళ్ళుంటాయి? నీ లారీ హారిస్మిత్ దాకా పోయేది ఏ సంవత్సరం? నువ్వు ఆ ద్రాక్షతోటలకు చేరకముందు రెండేళ్ళు సరుకు బండి తోలావు కదా, అప్పుడేనా? లారీ డ్రైవర్లకు ప్రతి పెట్రోలు బంకు దగ్గరా ఒక ఇల్లుంటుందని ఇక్కడ మా టీచర్లు అంటుంటే, మా తమ్ముడు అలాంటివాడు కాదని నేను రొమ్ము విరుచుకుని చెప్పాను. నన్ను చూసి ఇప్పుడు వాళ్ళు ఎలా నవ్వుతారో చూడాలి.

నొలుతాండోకు తెలుసా? తెలియకపోతే ఆమెను వెంటబెట్టుకుని ఆ ఊరు దాటలేక ఎర్మెలో దాకా చుట్టు తిరుగుతావన్నమాట. చచ్చిపోయిన తండ్రిని కూర్చోబెట్టుకుని, ఇద్దరు పెళ్ళాల గోలకు భయపడి, రెండు రాష్ట్రాలు తిరిగే కొడుకు ఇంకెక్కడా దొరకడు.

ఒరేయ్, కోపంలో రాశానుగానీ ఒకటి విను. బిడ్డ ఉంటే ఉండనీ. న్యాంబోసె అని మన వంశం పేరుతో పిలిపించుకోవాల్సిన బిడ్డ, మన ఇంటి బిడ్డ. అమ్మ నాలుగు రోజులు అరుస్తుంది, అయిదో రోజు స్వెట్టర్ అల్లుతుంది. దాచి నాన్నను తేవడానికి మాత్రం పోవద్దు. కడుపులో ఒకటి పెట్టుకుని పిలిస్తే పోయినవాళ్ళు లేవరంటాడు పెదనాన్న. నిజమేంటో రాయి.

ఖొంబీ


వూస్టర్,
21 మార్చి 1998

అక్కా,

నీ ఉత్తరం చదివి నవ్వాను. నవ్వు ఆగాక చాలాసేపు లారీలోనే కూర్చున్నాను. నువ్వనుకున్నదే అయుంటే ఎంత బాగుండేదో. బిడ్డయితే ఎత్తుకుని తెచ్చేవాణ్ణి.

లాంగా ఇంటికి రాలేదు, అక్కా. హారిస్మిత్‌లోనే ఉన్నాడు.

గని దగ్గర అంతా సరిగ్గానే చేశాను. గనిలోకి దిగే ఆ షాఫ్టు పైన నిలబడి పిలిచాను. టాక్సీ వ్యానులో రెండు సీట్లు తీసుకుని, కొమ్మను టవల్లో చుట్టి పక్కన కూర్చోబెట్టాను. హారిస్మిత్ దాకా ప్రతి ఊరూ చెప్పాను వాడికి. సెనెకాల్ దగ్గర పొద్దుతిరుగుడు చేలు కోసేశారని కూడా చెప్పాను. పక్కవాళ్ళు పక్కకి జరిగి చోటిచ్చారు, ఒక ముసలాయన టోపీ తీశాడు.

హారిస్మిత్‌లో టాక్సీ మారాలి. ఆగస్టు చలి, ఎదురుగా కొండ మీద మంచు. వరసలో నా ముందు ఇద్దరు అమ్మాయిలు, బడి కోట్లు వేసుకుని. లేడీస్మిత్ వాళ్ళు. నన్ను చూసి ఏదో అనుకుని నవ్వారు. ఒకమ్మాయి "ఆ టవల్లో ఏంటి, కోడిపెట్టా?" అంది. మాట్లాడకూడదు కదా. కానీ మాట్లాడాను. ఏమీ లేదన్నాను. కొమ్మను కోటు లోపల పెట్టుకున్నాను, ముళ్ళు గుచ్చుకుంటున్నా. తర్వాత చాలాసేపు మాట్లాడాను. వాళ్ళు నవ్వేలా మాట్లాడాను.

టాక్సీ వచ్చింది. ఎక్కించే పెద్దమనిషి నా దగ్గరికొచ్చి, "రెండు సీట్లన్నావట, ఇంకొకరెక్కడ?" అని అడిగాడు. నేను నోరు విప్పకుండా ఆ కొమ్మ చూపించినా చాలు, ఆయన దారి ఇచ్చేవాడు. అలాంటివాళ్ళను తర్వాత రోడ్ల మీద ఎంతమందిని చూశానో. కానీ ఆ అమ్మాయిలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు, నా వైపే చూస్తున్నారు.

"ఎవరూ లేరు. నేనొక్కణ్ణే" అన్నాను.

అలా అన్నాను అక్కా. మన లాంగా నా పక్కనే నిలబడి ఉండగా. దిగమని చెప్పలేదు, ఎక్కమని చెప్పలేదు. ఎవరూ లేరన్నాను. తలుపు వేశారు, బండి కదిలింది. కనుమ దిగుతున్నప్పుడు తెలిసింది ఏం చేశానో. లేడీస్మిత్‌లో ఆ అమ్మాయిలు దిగిపోతూ నా వైపు చూడను కూడా చూడలేదు. అక్కడ దిగి వెనక్కి వెళ్ళాల్సింది. వెళ్ళలేదు. ఇంటికొచ్చాను. నొంగోమాలో నువ్వు కనబడ్డావు, నీ ముఖం చూసి చెబుదామనుకున్నా. "పరీక్ష సంగతి చెప్పకు, ఒట్టు వెయ్యి" అన్నావు నువ్వు, నేను చెప్పేలోపే. సరేలే, ఇద్దరికీ ఒకటే ఒట్టు అనుకున్నాను.

గేటు దగ్గర నాన్న కొమ్మ అందుకుని, "వచ్చాడా?" అని అడిగాడు. వచ్చాడన్నాను.

తర్వాత తాను పోయేదాకా నాన్న ప్రతి ఆదివారం వెనకగోడ దగ్గర, పెద్దల చోట, వాడికి ముక్కుపొడి పెట్టి జొన్నబీరు పోసేవాడు. "వీడు నాకు బదులు పలకడేంటి, ఏం కోపం వీడికి" అనేవాడు. నేను ఆ మాట వినలేక వూస్టర్ వచ్చేశాను. నువ్వు ఉద్యోగం కోసమని అనుకున్నావు.

ఇక్కడ ఆసుపత్రిలో కూడా అడిగాడు. పోయే ముందురోజు సాయంత్రం. "బెకీ, లాంగా ఎందుకు పలకడురా, నీకేమన్నా చెప్పాడా దారిలో?" అన్నాడు. చెబుదామని కుర్చీ దగ్గరకి జరుపుకున్నాను. నర్సు మందులు తెచ్చింది. రేపు చెబుదాంలే అనుకుని ఇంటికొచ్చాను. తెల్లారేసరికి రేపు లేదు.

ఇప్పుడు చెప్పు. ఏ మొహంతో ఆ మంచం దగ్గర నిలబడి పిలవను? పిలిచినా ఆయన వస్తాడా? వస్తే, హారిస్మిత్‌లో లాంగా రోడ్డు పక్కన నిలబడి ఉంటే, "అదుగో వాడు, నువ్వు తెచ్చానన్నావే" అని ఆయన అంటే నేనేం చెప్పను? అందుకే ఎర్మెలో అన్నాను.

బెకీ


హ్లాబీసా,
29 మార్చి 1998

బెకీ,

నీ ఉత్తరం బడి వంటగది వెనక నిలబడి చదివాను. గంట కొట్టినా లోపలికి వెళ్ళలేదు. నిన్ను తిట్టాలని ఉంది, తిట్టే నోరు నాకు లేదు.

పరీక్ష లేదు, బెకీ. ఆ వారం కాలేజీకి సెలవులు. డర్బన్‌లో ఒకడుండేవాడు. వాడి కోసం వెళ్ళాను. మూడు రోజులు వాడితో బజారులో తిరిగి, వేయించిన చేపలు తిని, సముద్రం ఒడ్డున ఫోటో దిగాను. నువ్వు హారిస్మిత్‌లో వణుకుతున్న పూట నేనేం చేస్తున్నానో లెక్కపెట్టుకున్నాను. ఫోటో దిగుతున్నాను. ఇప్పుడు వాడి ఇంటిపేరు కూడా గుర్తు రావడం లేదు.

నువ్వు ఆ పెద్దమనిషితో "నేనొక్కణ్ణే" అన్నావు. నేను పక్కనుంటే నిన్ను కాదు, నన్ను అడిగేవాడు. నువ్వు చేసింది నీదే, నేను మోయలేను. కానీ నిన్ను ఒక్కణ్ణి చేసింది నేను.

రాసేసి ఊరుకుంటే సరిపోదు కాబట్టి అమ్మకు చెప్పేశాను. నీ అనుమతి తీసుకోలేదు. తీసుకుంటే నువ్వు ఇవ్వవు. గేటు దగ్గర ఇద్దర్ని పేరుపేరునా పిలిచి లోపలికి తీసుకోవాల్సింది ఆమె, ఎవరొస్తున్నారో తెలియకుండా ఎలా పిలుస్తుంది? ముందు నా సంగతి చెప్పాను, తర్వాత నీది.

ఆమె మొక్కజొన్న గింజలు వలుస్తోంది. చేతులు ఆగలేదు. నేను చెప్పడం అయిపోయాక కూడా ఒక కంకి పూర్తి చేసింది.

"హారిస్మిత్‌లో మంచు పడుతుందంటారు" అంది.

"కొండ మీద పడుతుందమ్మా."

"తొమ్మిది చలికాలాలు" అంది. "వాడికి గని నుంచి వచ్చిన కోటు కూడా మీ నాన్నే వేసుకున్నాడు."

లేచి లోపలికి వెళ్ళింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పెదనాన్నను పిలిపించి అంతా తనే చెప్పింది. నీ పేరు మాత్రం ఎత్తలేదు. "పిల్లలు" అంది, అంతే. నీకు అబద్ధం చెప్పను, ఆమె నీ మీద కోపంగా ఉందో, బాధగా ఉందో నాకు తెలియదు. నీ గురించి నేను ఏదన్నా మొదలుపెడితే బయటికి వెళ్ళిపోతోంది.

పెదనాన్న లేచి వెళ్ళి రేగుచెట్టు చూసొచ్చాడు. ఒక కొమ్మ మీద ఇద్దరు రారు, రెండు కొమ్మలు కోస్తానన్నాడు. నాన్న దగ్గర ముందు నీ తప్పు ఒప్పుకుని, తర్వాతే పిలవాలన్నాడు. హారిస్మిత్‌లో కారు దిగి, ఆ అడ్డాలోనే, అందరి ముందూ లాంగాను పిలవాలన్నాడు. పక్కకి వెళ్ళి గొణిగితే కుదరదు. ఎక్కడ లేడన్నావో అక్కడే ఉన్నాడనాలి. పొద్దు వాలేలోపు గేటు అన్న మాట మాత్రం మారలేదు.

కాబట్టి దారి మళ్ళీ రాశాను. శుక్రవారం బ్లూమ్‌ఫాంటీన్‌లో ఆరింటికి కాదు, నాలుగింటికే కదలాలి. పెట్రోలు బెత్లెహేములోనే కొట్టించుకోవాలి, హారిస్మిత్‌లో బంకులు జొహానెస్‌బర్గ్ వాళ్ళతో నిండి ఉంటాయి. ఎనిమిదింటికి హారిస్మిత్. అక్కడ ఒక గంట. నీకు ఎంత సేపు పడుతుందో నాకు తెలియదు, అట్లాసులో ఉండదు. గంటే రాశాను. కనుమలో బళ్ళు నిలబడిపోతే రెండు గంటలు పోయినా, అయిదింటికల్లా గేటు. నీ కారులో నీళ్ళు పోయడానికి నేను రెండు డబ్బాలు తెస్తున్నాను.

ముందు సీట్లో నాన్న. వెనక సీట్లో నా పక్కన లాంగా. నొలుతాండోను పిల్లవాడితో ఇంట్లోనే ఉండమను, చోటు లేదు. మంగళవారం సాయంత్రం బస్సు దిగుతాను. అడ్డాకి వచ్చి నిలబడు. వద్దని రాసినా వస్తాను.

అక్క


హ్లాబీసా,
14 ఏప్రిల్ 1998

తమ్ముడూ,

నువ్వు వెళ్ళి రెండు రోజులైంది. ఈ ఉత్తరం నువ్వు లారీ ఎక్కేలోపు అందదని తెలుసు, అయినా ఆగలేక రాస్తున్నాను. రెండు రోజులు నీ వెనక కూర్చుని కూడా నీతో మాట్లాడలేకపోయాను కదా. నువ్వు వాళ్ళతో మాట్లాడావు, నేను లోకంతో మాట్లాడాను. మనిద్దరం మాట్లాడుకోలేదు.

ఆసుపత్రిలో నువ్వు నాన్న మంచం దగ్గర చెప్పిన దాని గురించి ఏమీ రాయను. అది నీకూ ఆయనకూ మధ్య. ఆ మంచం మీది రోగి లేచి కూర్చుని, అంతా అయ్యేదాకా దుప్పటి గడ్డం దాకా లాక్కుని తల దించుకున్నాడని మాత్రం చెబుతున్నా, నీ వీపు అతని వైపు ఉంది.

హారిస్మిత్‌లో నువ్వు కళ్ళు మూసుకున్నావు. అందుకే నువ్వు చూడనిది రాస్తున్నాను. అంత గోలలో, అన్ని హారన్లలో, నువ్వు ఆ సిమెంటు స్తంభం పక్కన నిలబడి "లాంగలిబలేలె, న్యాంబోసె, నిన్ను లేడన్నది నేనే, నీ తమ్ముణ్ణి" అని అరిచావు. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారికి నీ గొంతు పగిలింది. అప్పుడు పళ్ళు అమ్మే ఆవిడ తన రేడియో ఆపింది. పక్క టాక్సీవాడు ఇంజను ఆపాడు. నన్ను ఒకాయన వచ్చి "ఎంతకాలమైంది?" అని అడిగాడు, తొమ్మిదేళ్ళన్నాను. ఆయన వెళ్ళి రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టి, మన కారు బయటికొచ్చేదాకా డర్బన్ పోయే బళ్ళన్నిటినీ ఆపాడు. మనకు అక్కడ గంట పట్టలేదు. నలభై నిమిషాలు.

గేటు దగ్గర అమ్మ నాన్నను పిలిచింది, లాంగాను పిలిచింది, లాంగా కొమ్మ మీద దుప్పటి కప్పింది. నీ చేతుల్లోంచి కొమ్మలు అందుకుంది గానీ నీ ముఖం చూడలేదు. చూస్తుందేమోనని నువ్వు కాచుకుని ఉన్నావు, నేను చూశాను. శనివారమంతా నీకు మాంసం వేరేవాళ్ళతో పంపింది. ఆదివారం పొద్దున ఆరింటికి నువ్వు కారు తీస్తే బయటికి రాలేదు. నువ్వు గేటు దగ్గర కావాలనే రెండు నిమిషాలు ఆగావు. ఇంజను మొరాయించినట్టు నటించావు, అది కూడా నాకు తెలుసు.

నువ్వు మలుపు తిరగగానే అమ్మ పిలిచింది. "ఆ కాగితం తే" అంది.

"ఏ కాగితం?"

"దారి రాసిన కాగితం. తిరగేసి, కింది నుంచి పైకి చదువు."

తెచ్చాను. గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంది. ఏడున్నర అవుతుంటే "ఇప్పుడు ఎక్కడుంటాడు?" అంది. నొంగోమా దాటుతుంటాడన్నాను. ఆమె తలగుడ్డ సర్దుకుని, రోడ్డు వైపు చూస్తూ, మామూలు గొంతుతో, "బెకుముజీ, నొంగోమా దాటుతున్నావు. రోడ్డు మీద ఆవులుంటాయి, చూసుకో" అంది.

"అమ్మా, అది పోయినవాళ్ళకు చెప్పేది. బతికున్నవాడికి అలా చెప్పకూడదు" అన్నాను.

"బతికున్నవాళ్ళకు చెప్పకపోబట్టే ఇంత జరిగింది. నువ్వు చదువు" అంది.

రోజంతా అలాగే. వ్రైహైడ్ అంటే వ్రైహైడ్. డండీ అంటే డండీ. టీ ఇచ్చినా కాగితం నా చేతిలోంచి కింద పెట్టనివ్వలేదు. పెదనాన్న భార్య వస్తే "ఇప్పుడు మాట్లాడకూడదు" అని నాతో చెప్పించి పంపేసింది. కనుమ ఎక్కుతున్నావంటే, కారు వేడెక్కితే ఆపి నీళ్ళు పొయ్యమంది. పదకొండున్నరకు నేను హారిస్మిత్ అన్నాను. మోకాళ్ళు రుద్దుకుని రోడ్డు వైపు తిరిగింది. తర్వాత అంది: "హారిస్మిత్ వచ్చింది నాన్నా. ఇక్కడ దిగకు. ఇక్కడ నీదేమీ లేదు. పోనీ."

సాయంత్రం బ్లూమ్‌ఫాంటీన్‌లో నిన్ను పడుకోమంది, తనూ పడుకుంది. సోమవారం తెల్లవారుతూనే లేచి నన్ను లేపి మళ్ళీ మొదలుపెట్టింది. మూడింటికి వూస్టర్ అన్నాను. "వూస్టర్ వచ్చింది, దిగు, నీ పెళ్ళాం ఎదురుచూస్తోంది" అని, మోకాళ్ళు పట్టుకుని లేచి, కోళ్ళకు గింజలు వెయ్యడానికి వెళ్ళింది.

ఇదంతా నీకు రాయొద్దని నాతో ఒట్టు వేయించుకుంది. ఇంక ఒట్లు నిలబెట్టుకునే ఓపిక నాకు లేదు. నువ్వు నిజంగా ఎన్నింటికి చేరావో వెంటనే రాయి. మూడు దాటి ఉంటే ఆమెకు చెప్పాలి, ఆమె నిన్ను మూడింటికే దించేసింది.

అక్క